హెచ్‌ఆర్‌వీ కొలిచే ముందు ఊపిరి, కూర్చునే తీరు సంగతి చూసుకోండి

ఫోనూ వాచీ కాసేపు పక్కన పెట్టండి. ఎడమ మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు, కుడిచేతి చూపుడువేలూ మధ్యవేలూ ఆనించి నాడి పట్టుకోండి. బొటనవేలితో పట్టుకోవద్దు, దానికీ సొంత నాడి ఉంటుంది కాబట్టి ఏది దేనిదో తెలియదు. నాడి దొరికాక ఐదు సెకన్లు మెల్లగా పీల్చి, ఐదు సెకన్లు మెల్లగా వదలండి, అలా ఒక నిమిషం. మొదటి ఒకటి రెండు శ్వాసల్లో ఏమీ తెలియకపోవచ్చు. ఆ తర్వాత వేళ్ల కిందే తెలిసిపోతుంది: పీల్చేటప్పుడు నాడి తొందరపడుతుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది, వదలడం పూర్తయ్యే వేళకు ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య ఎడం ఎంత సాగుతుందంటే ఒక్కోసారి ‘ఆగిపోయిందా ఏంటి’ అనిపిస్తుంది. ఆగలేదు, ఆరోగ్యంగా ఉన్న గుండె చేసే మామూలు పనే అది. చిన్న వయసులో ఈ తేడా బాగా కనిపిస్తుంది, వయసు పెరిగేకొద్దీ తగ్గుతుంది, అందుకని అరవై దాటినవాళ్ల వేళ్లకు అది అందకపోతే కంగారు పడనక్కర్లేదు.

వాచీలో హెచ్‌ఆర్‌వీ పేరుతో కనిపించే అంకెకు మూలం ఇదే. హార్ట్ రేట్ వేరియబిలిటీ, అంటే గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్లీ కొట్టుకునేదాకా పట్టే సమయం ప్రతిసారీ ఎంతెంత మారుతోందన్న లెక్క. గుండె నిమిషానికి 60 సార్లు కొట్టుకుంటోందంటే సరిగ్గా సెకనుకొకసారి అని కాదు, ఒక ఎడం 0.94 సెకన్లు ఉంటుంది, తర్వాతది 1.05, ఆ తర్వాతది 0.99.

ఇక అసలు గొడవ. నిన్న 62 చూపించింది, ఇవాళ 38, నాకేమైంది అని టెన్షన్ పడేవాళ్లు చాలామంది. ఏమీ అయ్యుండదు. నిన్న పడుకుని కొలిచారు, ఇవాళ కుర్చీ అంచున వంగి కూర్చుని ఫోన్ చూసుకుంటూ కొలిచారు, లేదా నిన్న తెలియకుండానే ఊపిరి నెమ్మదిగా తీశారు. ఒకే మనిషికి ఒకే పూట, ఊపిరి వేగం మార్చి, కూర్చునే తీరు మార్చి ఆ అంకెను సగానికి దించొచ్చు, రెట్టింపూ చేయొచ్చు. కాబట్టి ఈ వ్యాసమంతా ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది: కొలవడం వేరు, శ్వాస సాధన వేరు. కొలిచేటప్పుడు ఊపిరి జోలికి పోవద్దు, సాధన చేసేటప్పుడు అంకె జోలికి పోవద్దు. ఈ రెండూ కలిపేసినవాళ్లే ఎక్కువగా మోసపోతారు.

ఊపిరికీ గుండెకూ లంకె ఎక్కడుంది

గుండె కొట్టుకోవడానికి మెదడు ఆజ్ఞ అక్కర్లేదు. గుండె కుడి పై గదిలో సైనస్ నోడ్ అని చిన్న కణాల ముద్ద ఉంది, దాన్ని దాని మానాన వదిలేస్తే నిమిషానికి దాదాపు 100 సార్లు కొట్టిస్తుంది. మరి విశ్రాంతిగా ఉన్నప్పుడు మనకు 60, 70 ఎందుకుంటుందంటే మెదడు నుంచి గుండెకు దిగే వేగస్ నరం దానికి ఎప్పుడూ కళ్లెం వేసి ఉంచుతుంది కాబట్టి. గుండె మార్పిడి చేయించుకున్నవాళ్లలో ఇది తేటతెల్లంగా కనిపిస్తుంది: ఆపరేషన్‌లో నరాలు తెగిపోతాయి, కొత్త గుండె ఊరికే కూర్చున్నప్పుడు కూడా 90 నుంచి 110 మధ్య కొట్టుకుంటుంది, పైగా దెబ్బల మధ్య ఎడం దాదాపు మారదు.

వేగస్ చాలా చురుకైన నరం. అది పట్టు బిగిస్తే సెకను లోపే, అంటే తర్వాతి దెబ్బకో ఆ తర్వాతి దెబ్బకో గుండె నెమ్మదిస్తుంది, వదిలేస్తే అంతే త్వరగా తేరుకుంటుంది. కంగారు పుట్టినప్పుడు గుండెను పరిగెత్తించే సింపథెటిక్ నరాలు అలా కాదు, వాటి ప్రభావం పూర్తిగా కనపడటానికి చాలా సెకన్లు పడుతుంది. అందుకే ఒక్కో శ్వాసకూ మారే తేడా చూస్తున్నామంటే ప్రధానంగా వేగస్ పనితనం చూస్తున్నట్టే.

పీల్చేటప్పుడు మెదడు కాండంలోని శ్వాస కేంద్రం వేగస్ కణాల నోరు కాసేపు మూయిస్తుంది. ఊపిరితిత్తులు సాగినట్టు వచ్చే సంకేతాలు కూడా అదే దిశలో పనిచేస్తాయి. పట్టు సడలి గుండె వేగం పెరుగుతుంది, వదిలేటప్పుడు మళ్లీ బిగుస్తుంది. దీన్ని 1847లోనే జర్మన్ శరీరశాస్త్రవేత్త కార్ల్ లుడ్విగ్, తిరిగే డ్రమ్ము మీద గీతలు గీసే కైమోగ్రాఫ్ అనే తన పరికరంతో నమోదు చేశాడు. వైద్యంలో దీని పేరు రెస్పిరేటరీ సైనస్ అరిత్మియా. అరిత్మియా, అంటే లయ తప్పడం, అన్న మాట చూసి భయపడొద్దు, ఈసీజీ రిపోర్టులో ‘సైనస్ అరిత్మియా’ అని ఉంటే చాలాసార్లు ఇదే.

దీనికి తోడు ఇంకో ఏర్పాటు ఉంది. మెడలోని కెరోటిడ్ ధమని దగ్గర, గుండె నుంచి బయల్దేరే మహాధమని వంపులో బీపీని పసిగట్టే సెన్సర్లున్నాయి. బీపీ పెరిగితే గుండెను నెమ్మదించమంటాయి, తగ్గితే వేగం పెంచమంటాయి. దీన్నే బారోరిఫ్లెక్స్ అంటారు. అయితే గుండె వేగం మారాక దాని ఫలితం బీపీలో కనపడటానికి ఐదు సెకన్ల దాకా ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యం వల్ల ఈ ఏర్పాటుకు సుమారు పది సెకన్ల సొంత ఊపు ఒకటి ఏర్పడుతుంది. సరిగ్గా ఆ లయలోనే, అంటే నిమిషానికి ఆరు శ్వాసల చొప్పున మనం ఊపిరి తీస్తే, ఉయ్యాల వెనక్కి వచ్చిన క్షణంలో తోసినట్టే, ప్రతి శ్వాసా ముందున్న ఊపును ఇంకాస్త పెంచుతుంది. మొదట్లో మీ వేళ్ల కింద తెలిసినది ఇదే. ఐదు సెకన్లు పీల్చి ఐదు సెకన్లు వదలమన్నది ఊరికే కాదు.

అంకె ఎలా పుడుతుందో ఒకసారి చేతితో చేసి చూడండి

యాప్‌లు ఎక్కువగా చూపించేది ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ అనే లెక్క. పేరు భయంకరంగా ఉంది గానీ లెక్క బడిపిల్లలు చేసేదే. వరుసగా ఐదు ఎడాలు మిల్లీసెకన్లలో 850, 910, 880, 820, 870 అనుకోండి. పక్కపక్కవాటి తేడాలు 60, 30, 60, 50. వాటి వర్గాలు 3600, 900, 3600, 2500, మొత్తం 10600. నాలుగుతో భాగిస్తే 2650, దాని వర్గమూలం సుమారు 51. మీ హెచ్‌ఆర్‌వీ 51 మిల్లీసెకన్లు.

ఇప్పుడు మధ్యలో ఒక దెబ్బ తొందరపడి ముందే పడిందనుకోండి, అలాంటివి ఆరోగ్యవంతులకూ అప్పుడప్పుడూ పడుతుంటాయి. వరుస 850, 910, 550, 1180, 870 అవుతుంది. తేడాలు 60, 360, 630, 310. అదే లెక్క మళ్లీ వేస్తే 396 దగ్గర తేలుతుంది. నిమిషం పాటు తీసిన రికార్డింగులో ఇంత ఘోరంగా ఉండదు, మిగతా దెబ్బలు సర్దుతాయి, అయినా ఒక్క దెబ్బ వల్లే 51 కాస్తా 100 దాటగలదు. యాప్ దాన్ని గుర్తుపట్టి తీసేస్తే సరే, లేకపోతే ‘వావ్, ఇవాళ బ్రహ్మాండంగా ఉన్నారు’ అని పచ్చరంగు చూపిస్తుంది. దగ్గినా, కదిలినా, సెన్సర్ జారినా ఇలాగే పాడవుతుంది. ఉన్నట్టుండి ఎన్నడూ లేనంత పెద్ద అంకె వస్తే సంబరపడకుండా ఇంకోసారి కొలవండి.

పడుకుంటే ఒకటి, నిలబడితే ఇంకొకటి

పడుకున్న మనిషి లేచి నిలబడగానే అర లీటరు నుంచి లీటరు దాకా రక్తం కాళ్లలోకీ పొట్ట కిందిభాగంలోకీ దిగిపోతుంది. గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గి, బీపీ పడబోతుంది, మెడలోని సెన్సర్లు వెంటనే పసిగట్టి వేగస్ పట్టు వదిలిస్తాయి. లేచాక దాదాపు పదిహేనో దెబ్బ దగ్గర గుండె వేగం గరిష్ఠానికి చేరి, ముప్పయ్యో దెబ్బ దగ్గరికి వచ్చేసరికి కొంత నెమ్మదిస్తుంది. డయాబెటిస్ వల్ల గుండె నరాలు దెబ్బతిన్నాయేమో చూడటానికి డాక్టర్లు ఈ రెండిటి నిష్పత్తినే ఒక పరీక్షగా వాడతారు. ఆ తర్వాత కూడా నిలబడి ఉన్నంతసేపూ గుండె వేగం పడుకున్నప్పటికంటే మామూలుగా 10 నుంచి 20 దెబ్బలు ఎక్కువే ఉంటుంది, ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ బాగా తగ్గుతుంది. ఎక్కువమందికి పడుకున్నప్పుడు అంకె పెద్దది, కూర్చుంటే మధ్యస్థం, నిలబడితే చిన్నది.

దీనర్థం పడుకుని కొలిస్తేనే మంచిదని కాదు. బాగా కసరత్తు చేసేవాళ్లకు, విశ్రాంతిలో నాడి 40ల్లో, 50ల్లో ఉండేవాళ్లకు పడుకుని కొలిస్తే ఒక తిరకాసుంది. వేగస్ పట్టు అప్పటికే ఎంత బిగుసుకుని ఉంటుందంటే పీల్చేటప్పుడు కూడా సడలదు, దాంతో తేడా తక్కువ కనిపిస్తుంది, ఫిట్‌గా ఉన్న మనిషికి ‘మీరు అలసిపోయారు’ అని యాప్ చెబుతుంది. ఇలాంటివాళ్లు కూర్చుని గానీ నిలబడి గానీ కొలుచుకోవడం మేలు. మిగతావాళ్లకు నా సలహా కూర్చుని కొలవడమే. పడుకుంటే మళ్లీ కునుకు పట్టే ప్రమాదం ఉంది, నిలబడితే ఊగుతాం.

కూర్చోవడంలో కూడా తేడాలున్నాయి. గూని పెట్టి కూర్చుంటే పక్కటెముకలు పొట్ట మీదికి దిగి, ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్ అనే శ్వాస కండరం కిందికి కదలడానికి చోటుండదు. దాంతో ఊపిరి పైపైన, త్వరత్వరగా సాగుతుంది, ఊపిరి అలా మారితే గుండె ఎడాల్లో తేడా కూడా తగ్గుతుంది. అంటే భంగిమ చాలావరకు ఊపిరి దారిలోంచే గుండె దాకా వెళ్తుంది. అలాగని సైనికుడిలా బిగుసుకుని కూర్చున్నా ఉపయోగం లేదు, వీపు కండరాలు బిగబట్టి ఉంచడం కూడా శ్రమే. వీపు వెనక్కి ఆనించి, పాదాలు రెండూ నేలకు ఆనించి, చేతులు తొడల మీదో కుర్చీ చేతుల మీదో వదిలేసి కూర్చోండి. కాలు మీద కాలు వేసుకోవద్దు, దానివల్ల బీపీ కొద్దిగా పెరుగుతుంది, బీపీ మారితే మెడలోని సెన్సర్లు ఊరుకోవు. నడుం దగ్గర బట్ట బిగుతుగా ఉంటే వదులు చేసుకోండి. మెడ వంచి ఫోన్ చూడటం మాత్రం పూర్తిగా మానేయండి, నా లెక్కలో కొలతలు పాడుచేసే అలవాట్లలో మొదటిది అదే, ఎందుకంటే అది వీపునూ వంచుతుంది, ఊపిరినీ మారుస్తుంది, స్క్రీన్ మీద గ్రాఫ్ చూస్తూ దాన్ని పెంచాలన్న ఆశనూ పుట్టిస్తుంది.

కొలిచే రోజువారీ పద్ధతి

పొద్దున లేచి, మూత్రానికి వెళ్లొచ్చాక, ఇంకేమీ తినకముందు, తాగకముందు కొలవండి. మూత్రాశయం నిండి ఉంటే బీపీ, నాడి రెండూ మారతాయి కాబట్టి ఆ పని ముందు ముగించాలి. పైన చెప్పినట్టు కూర్చుని, మొదటి రెండు నిమిషాలు ఏమీ రికార్డు చేయకుండా ఊరుకోండి. మంచం మీంచి లేచి నడిచొచ్చిన శరీరం సర్దుకోవాలి కదా. తర్వాత రికార్డింగ్ మొదలుపెట్టి ఫోన్ బోర్లా తిప్పేయండి. యూరోపియన్ సొసైటీ ఆఫ్ కార్డియాలజీ, ఉత్తర అమెరికాకు చెందిన పేసింగ్ (పేస్‌మేకర్‌తో గుండె లయను నడిపించే వైద్యం) నిపుణుల సంఘం కలిసి 1996లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం తక్కువ నిడివి రికార్డింగ్ ఐదు నిమిషాలు ఉండాలి. ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ ఒక్కటే కావాలనుకుంటే ఒకటి రెండు నిమిషాలతో కూడా నెట్టుకురావచ్చు, కానీ రోజూ అంతే నిడివి ఉండాలి.

ఈలోగా మాట్లాడొద్దు. మాట్లాడటమంటే ఊపిరిని ముక్కలు చేసి వదలడమే. ఆవులింత వచ్చినా, పెద్ద నిట్టూర్పు వచ్చినా ఆపుకోవద్దు, రానివ్వండి, ఆ కొలత పక్కన గుర్తు పెట్టుకోండి చాలు.

ఊపిరి సంగతి కొంచెం చిక్కు. మామూలుగా తీయండి అనగానే ఎవరూ మామూలుగా తీయలేరు, గమనించడం మొదలవగానే అది నెమ్మదిస్తుంది, లోతవుతుంది. ఎదురుగా ఉన్న గోడ మీద ఏదో ఒక చోట చూపు నిలిపి, చుట్టూ వినిపించే చప్పుళ్ల మీద ధ్యాస పెట్టండి, ఊపిరి దాని దారిన అది పోతుంది. అసలు వదిలేయడం మీ వల్ల కాకపోతే రెండో దారి ఉంది: రోజూ ఒకే వేగం పెట్టుకుని, ఉదాహరణకు నిమిషానికి 12 శ్వాసల చొప్పున సౌండ్ పెట్టుకుని, దానికి తగ్గట్టు తీయండి. ఏదో ఒకటే. సోమవారం ఇలా, మంగళవారం అలా చేస్తే రెండు వేర్వేరు తూకాల మీద తూగి బరువు తగ్గానా పెరిగానా అని అడిగినట్టు ఉంటుంది.

పరికరం విషయానికొస్తే, చాతీకి కట్టుకునే పట్టీ గుండె విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది కాబట్టి ఎడాలు కచ్చితంగా వస్తాయి. కట్టుకునే ముందు దాని ఎలక్ట్రోడ్ల మీద నీళ్లు రాయడం మర్చిపోవద్దు, పొడిగా ఉంటే మొదటి నిమిషం అంతా చెత్తే. వాచీలు, ఫోన్ కెమెరా మీద వేలు పెట్టే యాప్‌లు చర్మం కింద రక్తపు అలను చూసి అంచనా వేస్తాయి. కదలకుండా ఉంటే ఫర్వాలేదు, నిద్రలో కొలిచే వాచీలు అందుకే కాస్త నయం. వేళ్లు చల్లగా ఉంటే రక్తపు అల బలహీనపడుతుంది, రుద్దుకుని వెచ్చబరచుకున్నాక కొలవండి.

వచ్చిన అంకెను పక్కవాళ్ల అంకెతో పోల్చొద్దు. ఒకే వయసున్న ఇద్దరు ఆరోగ్యవంతుల్లో ఒకరికి 25, ఇంకొకరికి 90 ఉండటం వింతేమీ కాదు. మీ ఏడు రోజుల సగటును మీ పాత సగటుతోనే పోల్చుకోండి. రాత్రి మద్యం, నిద్ర తక్కువ కావడం, జ్వరం మొదలవుతుండటం, ముందురోజు ఒళ్లు హూనమయ్యేలా కసరత్తు చేయడం, ఇవన్నీ దాన్ని దించుతాయి. ఆడవాళ్లలో నెలసరికి ముందు సగం రోజుల్లో కొద్దిగా తగ్గడం కూడా మామూలే.

ఇక సాధన

ఇక్కడ ఊపిరిని కావాలనే మారుస్తున్నాం, కాబట్టి పైన చెప్పిన కట్టుబాట్లు వర్తించవు. అలాగే కూర్చోండి, కావాలంటే కొంచెం వెనక్కి వాలండి. ఒక చెయ్యి చాతీ మీద, ఒక చెయ్యి బొడ్డు పైన పెట్టుకోండి. పీల్చేటప్పుడు కింది చెయ్యి ముందుకు రావాలి, పై చెయ్యి దాదాపు కదలకూడదు. నడుం పక్కలకు కూడా కొంచెం విచ్చుకున్నట్టు అనిపిస్తే డయాఫ్రమ్ బాగా దిగుతోందన్నమాట. ముక్కుతో నాలుగు సెకన్లు పీల్చి, ముక్కుతోనో, పెదాలు కొంచెం దగ్గరగా పెట్టి నోటితోనో ఆరు సెకన్లు వదలండి. ఐదూ ఐదూ సుఖంగా ఉంటే అలాగే కానివ్వండి, మొత్తం పది సెకన్లు కావడమే ముఖ్యం. మధ్యలో బిగబట్టనక్కర్లేదు.

నెమ్మదిగా తీయడం అంటే గుండెల నిండా తీయడం అనుకునే పొరపాటు చాలామంది చేస్తారు. వేగం తగ్గించినప్పుడు ఒక్కో శ్వాస పరిమాణం తనంతట తానే కొంత పెరుగుతుంది, దానికి మీరు ఇంకా కలపొద్దు. పెద్ద పెద్ద శ్వాసలు తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, మెదడుకు వెళ్లే రక్తనాళాలు సన్నబడి తల తేలికైనట్టు, తిరిగినట్టు అనిపిస్తుంది, పెదాల చుట్టూ, వేళ్ల చివర్ల తిమ్మిరి మొదలవుతుంది. కొంతమంది దాన్ని సాధన పనిచేస్తున్న గుర్తు అనుకుంటారు. కాదు, ఎక్కువ గాలి పీల్చేస్తున్న గుర్తు. అప్పుడు సాధన ఆపి కాసేపు మామూలుగా ఊపిరి తీసి, మళ్లీ మొదలుపెట్టినప్పుడు ముక్కు దగ్గర మీకే చప్పుడు వినపడనంత మెత్తగా తీయండి. గాలి చాలనట్టు అనిపిస్తే అది వేరే సమస్య, వేగం మరీ తగ్గించారన్నమాట, నిమిషానికి ఎనిమిదికి పెంచి కొన్ని రోజులు అక్కడే ఉండండి.

మొదట ఐదు నిమిషాలు చాలు. అలవాటయ్యాక పదికో ఇరవైకో పెంచుకోవచ్చు. నడుస్తూ వద్దు, బండి నడుపుతూ అసలు వద్దు, నీళ్లలో ఉన్నప్పుడు కూడా వద్దు.

2001లో ఇటలీ పరిశోధకుడు లూచియానో బెర్నార్డీ బృందం ఒక ఆసక్తికరమైన సంగతి బయటపెట్టింది. లాటిన్‌లో ఏవ్ మరియా ప్రార్థన చదివినా, ‘ఓం మణి పద్మే’ మంత్రం జపించినా శ్వాస నిమిషానికి దాదాపు ఆరుకు దిగి, బారోరిఫ్లెక్స్ చురుకుదనం పెరిగిందని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. సెకన్లు లెక్కపెట్టడం మీకు చిరాగ్గా ఉంటే, ఒక ఊపిరిలో చదవడానికి ఆరేడు సెకన్లు పట్టే ఏ పంక్తినైనా పట్టుకుని మెల్లగా చదవండి, మధ్యలో ఊపిరి అదే సర్దుకుంటుంది. మొదలుపెట్టిన రెండు మూడు రోజుల్లోనే సెకన్ల లెక్క విసుగొచ్చి మానేసేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది.

ఆరు అన్నది సగటు మాత్రమే. బారోరిఫ్లెక్స్ సొంత ఊపు మనిషికో తీరుగా, నిమిషానికి నాలుగున్నర నుంచి ఆరున్నర, ఏడు శ్వాసల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. పొడుగ్గా ఉన్నవాళ్లకు కాస్త తక్కువ వైపు ఉంటుంది. మీది కనుక్కోవాలంటే చాతీ పట్టీ, క్షణక్షణం గుండె వేగం గీత గీసి చూపించే యాప్ కావాలి. పాల్ లెహ్రర్, ఎవ్గెనీ వాషిల్లో అనే పరిశోధకులు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిది: నిమిషానికి ఆరున్నర శ్వాసలతో రెండు నిమిషాలు, కాసేపు ఆగి ఆరుతో రెండు నిమిషాలు, తర్వాత ఐదున్నర, ఐదు, నాలుగున్నర. ఒక్కో శ్వాసకు పట్టే సమయం వరుసగా సుమారు 9.2, 10, 10.9, 12, 13.3 సెకన్లు. ప్రతి దశలోనూ గీత ఎంత పైకి లేచి ఎంత కిందికి దిగుతోందో రాసుకోండి. పీల్చినప్పుడు 82, వదిలినప్పుడు 64 ఉంటే తేడా 18. తేడా ఎక్కడ పెద్దదిగా, అలలు నున్నగా ఉన్నాయో అదే మీ వేగం. రెండు దశలు దాదాపు సమానంగా వస్తే మీకు ఏది హాయిగా అనిపిస్తే అదే పట్టుకోండి, అర శ్వాస తేడాకు జుట్టు పీక్కోవద్దు. ఈ పరీక్ష చేస్తున్నంతసేపూ కూర్చునే తీరు మార్చకూడదు, మారిస్తే ఏ తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు.

యాప్ గ్రాఫ్ చూసి హడలిపోయే ముందు

కొన్ని యాప్‌లు గుండె వేగంలోని ఊపులను నెమ్మదివి ఎల్‌ఎఫ్ (లో ఫ్రీక్వెన్సీ), త్వరవి హెచ్‌ఎఫ్ (హై ఫ్రీక్వెన్సీ) అని విడదీసి రెండు కడ్డీలు చూపించి, ఎల్‌ఎఫ్ అంటే ఒత్తిడి, హెచ్‌ఎఫ్ అంటే విశ్రాంతి అని రాస్తాయి. మీరు ప్రశాంతంగా పది నిమిషాలు సాధన చేసి చూస్తే ఒత్తిడి కడ్డీ ఆకాశాన్ని అంటి ఉంటుంది. కారణం చాలా చిన్నది. హెచ్‌ఎఫ్ అంటే 0.15 నుంచి 0.4 హెర్ట్జ్ వరకు, అంటే నిమిషానికి 9 నుంచి 24 శ్వాసల పరిధి. మీరు ఆరుకు దిగారు, అది 0.1 హెర్ట్జ్, కాబట్టి ఊపిరి వల్ల వచ్చే ఊపంతా ఎల్‌ఎఫ్ గదిలోకి వెళ్లిపోయింది. వేగస్ చేసిన పనే పక్క ఖాతాలో జమైంది, అంతే. పుట్టుకతోనే నెమ్మదిగా ఊపిరి తీసేవాళ్లకు మామూలు కొలతల్లో కూడా ఇదే జరుగుతుంది. ఎల్‌ఎఫ్, హెచ్‌ఎఫ్ నిష్పత్తిని ఒత్తిడి మీటరుగా చూడటం నాకైతే నచ్చదు, ఊపిరి వేగం తెలియకుండా దానికి అర్థమే లేదు.

అలాగే సాధన మధ్యలో 150 చూపించిందని మీ ఆరోగ్యం మూడింతలు పెరగలేదు. సాధన ఆపిన కాసేపటికి అంకె మామూలుకు దిగిపోతుంది. వారాల తరబడి చేస్తే ఆందోళన తగ్గడం, బీపీ కొద్దిగా తగ్గడం గురించి మంచి అధ్యయనాలే ఉన్నాయి. అది చూసుకోవాలంటే పొద్దున్నే ఊపిరి జోలికి పోకుండా తీసిన కొలతల సగటునూ, బీపీ మిషన్ అంకెనూ చూడండి. బీపీ మందులు మాత్రం దీన్ని చూసుకుని సొంతంగా తగ్గించుకోవద్దు.

ఎవరు ముందుగా డాక్టరును అడగాలి

బీటా బ్లాకర్ మందులు వాడేవాళ్లలో గుండె వేగం మందు వల్లే తగ్గి ఉంటుంది, పేస్‌మేకర్ ఉన్నవాళ్లలో ఎడాలను మిషనే నిర్ణయిస్తుండొచ్చు, వీళ్లకు యాప్ అంకె మామూలు అర్థం ఇవ్వదు. ఉబ్బసం, సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు, తరచూ కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు నెమ్మది శ్వాస మొదలుపెట్టే ముందు అడగడం మంచిది. ఊపిరి మీద ధ్యాస పెడితేనే పానిక్ మొదలయ్యేవాళ్లు కొందరుంటారు, వాళ్లు కళ్లు తెరిచి, రెండు నిమిషాలతో మొదలుపెట్టాలి, అప్పటికీ ఇబ్బందిగా ఉంటే బలవంతంగా కొనసాగించకూడదు.

పడుకుని లేచాక పది నిమిషాల్లోపు నాడి 30 దెబ్బలు, లేదా అంతకంటే ఎక్కువ పెరిగి అలాగే ఉంటూ, నిలబడినప్పుడల్లా తల తేలికవుతూ, గుండె దడదడలాడుతుంటే అది భంగిమ సర్దుకుంటే పోయేది కాదు. పోట్స్ అనే సమస్య ఉందేమో చూడాలి. టీనేజీ పిల్లల్లో ఆ హద్దు 40. లేచిన మూడు నిమిషాల్లో పై బీపీ 20 గానీ కింది బీపీ 10 గానీ పడిపోతే అది ఇంకో సమస్య, దానికీ పరీక్షలున్నాయి.

అన్నిటికంటే గుర్తుంచుకోవాల్సింది, అంకె పెద్దది కావడం ఎప్పుడూ మంచి కబురు కాదు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే గుండె లయ జబ్బులో గుండె దెబ్బలు ఒక పద్ధతి లేకుండా పడతాయి, ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ చాలా ఎక్కువగా కనిపిస్తుంది. తేడా తెలుసుకోవడానికి మళ్లీ మణికట్టే పట్టుకోండి: ఊపిరితో పాటు వేగం పెరుగుతూ తగ్గుతూ ఒక అలలా ఉంటే సరే, ఊపిరితో పొంతన లేకుండా ఒకటి ముందు, ఒకటి వెనక, ఒకటి బలంగా, ఒకటి అందనంత మెత్తగా పడుతుంటే ఈసీజీ తీయించుకోవాలి. అలాంటిది కనిపించిన రోజు తేదీ, సమయం, అప్పుడు ఎలా ఉన్నారో, అంటే కూర్చున్నారో పడుకున్నారో, ఎంతసేపు ఉందో రాసిపెట్టుకుని, యాప్‌లో ఆ రికార్డింగ్ చెరిపేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. దాంతో పాటు చాతీనొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం లాంటివి ఉంటే రాసుకోవడం తర్వాత, వెంటనే అత్యవసర వైద్యానికి వెళ్లండి.